లారీ డ్రైవర్ బాధ్యతలు: లోడింగ్ పాయింట్ నుంచి కోర్టు దాకా

చీమకుర్తిలో గ్రానైట్ బ్లాకు ఎక్కించేటప్పుడైనా, మిర్యాలగూడ మిల్లులో బియ్యం బస్తాలు వేసేటప్పుడైనా డ్రైవర్‌కి ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "ఇంకో రెండు టన్నులు వేసుకో, ఏదైనా వస్తే నేను చూసుకుంటా." ఆ మాట అనేది ఓనర్ కావచ్చు, బ్రోకర్ కావచ్చు, మిల్లు గుమాస్తా కావచ్చు. అర్ధరాత్రి హైవే మీద బండి ఆపితే కిందికి దిగి కాగితాలు చూపించాల్సింది మాత్రం డ్రైవరే. ప్రమాదం జరిగితే పోలీసులు మొదట వెతికేదీ ఆయననే.

బండి కదలకముందు "కాదు" అనే అవకాశం ఉంటుంది. కదిలాక అది ప్రతి కిలోమీటరుకూ తగ్గిపోతుంది. అందుకే ఇక్కడ రాసినదాంట్లో సగం తాళం తిప్పకముందు చేయాల్సిన పనుల గురించే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రోడ్ల మీద లారీ, టిప్పర్, డీసీఎం, ట్యాంకర్, ట్రాలీ ఆటో నడిపేవాళ్లనూ, కొత్తగా ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్లనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

జరిమానాల గురించి ముందే ఒక మాట. ఇక్కడ ఇచ్చిన అంకెలు 1988 మోటారు వాహనాల చట్టంలో, 2019 సవరణ తర్వాత ఉన్నవి. అక్కడికక్కడ కట్టి వదిలించుకునే కాంపౌండింగ్ ఫీజును రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. అందుకే ఒకే తప్పుకి ఇచ్ఛాపురానికి ఇవతల ఒక చలానా, అవతల ఇంకో చలానా పడవచ్చు.

1. లైసెన్స్ మీ బండికి సరిపోతుందా?

రవాణా వాహనం నడపాలంటే కనీసం 20 ఏళ్లు నిండాలి. పాత రోజుల్లో ఎనిమిదో తరగతి పాసవ్వాలనే నిబంధన ఉండేది, 2019లో దాన్ని తీసేశారు. రవాణా వాహనం లైసెన్స్ 5 ఏళ్లకోసారి, ప్రమాదకర సరుకు నడిపేవాళ్లది 3 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

గడువు దాటినా ముప్పై రోజులు చెల్లుతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. ఆ వెసులుబాటు 2019 సవరణతో పోయింది. గడువు తేదీ దాటిన మర్నాడు బండి నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే. రెన్యువల్‌కి గడువుకి ఏడాది ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ టెస్టుకి వెళ్లాలి.

చిన్న బండ్లవాళ్లకి ఒక ఊరట ఉంది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు వాహనానికి ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్స్ చాలని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. మొత్తం బరువంటే ఖాళీ బండీ, సరుకూ కలిపి ఆర్‌సీలో రాసిన జీవీడబ్ల్యూ. ట్రాలీ ఆటోలు, పికప్‌లు ఇందులోకి వస్తాయి. డీసీఎంలలో కొన్ని వస్తాయి, కొన్ని రావు. అందుకని బండిని చూసి అంచనా వేయకుండా ఆర్‌సీలో అంకె చూడండి.

క్లీనర్ చేతికి స్టీరింగ్ ఇచ్చే సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లైసెన్స్ లేనివాడికి బండి ఇస్తే శిక్ష ఓనర్‌కే అనుకుంటారు. సెక్షన్ 180లో "బండి ఎవరి ఆధీనంలో ఉంటే వాళ్లు" అని కూడా ఉంది. రోడ్డు మీద బండి ఉన్నది మీ ఆధీనంలో. 5,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు మీకూ వర్తిస్తాయి. లైసెన్స్ లేనివాడు నడిపి ప్రమాదం చేస్తే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకి డబ్బు కట్టి, ఓనర్ దగ్గర తిరిగి వసూలు చేసుకునే వీలుంది. కుర్రాడికి పని నేర్పాలన్న ఆలోచన మంచిదే. లెర్నింగ్ లైసెన్స్ తీయించి, డ్రైవింగ్ స్కూల్లో నేర్పించండి. హైవే మీద లోడు బండితో, మీరు వెనక నిద్రపోతూ నేర్పకండి.

2. కాగితాలు

ఆర్‌సీ, పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, రోడ్డు ట్యాక్స్, మీ లైసెన్స్. ఫోన్‌లో డిజీలాకర్ యాప్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో చూపించినా చెల్లుతుంది. అయినా సిగ్నల్ లేని చోట పనికొచ్చేలా ఒక జిరాక్స్ సెట్టు క్యాబిన్‌లో ఉంచుకోండి. రవాణా వాహనానికి 8 ఏళ్లు నిండేదాకా ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. పర్మిట్ లేకుండా, లేదా పర్మిట్ షరతులు తప్పి నడిపితే 10,000 జరిమానాతోపాటు ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. బయల్దేరేముందు ఓనర్‌ని అడగడానికి మొహమాటపడకండి.

సరుకు కాగితాలు వేరే. ఇన్‌వాయిస్, బిల్టీ (ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే సరుకు రసీదు), సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే సరుకు రవాణా పత్రం). ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకి ఒక రోజు లెక్కన ఉంటుంది. 1,000 కిలోమీటర్ల దూరానికి ఐదు రోజులు. బండి చెడిపోయి సరుకు ఇంకో బండిలోకి మారిస్తే ఈ-వే బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించాకే కదలాలి. గడువు అయిపోయేలా ఉంటే, అయిపోవడానికి 8 గంటల ముందు నుంచి అయిపోయిన 8 గంటల తర్వాత దాకా పొడిగించుకోవచ్చు. టైరు పేలో, ట్రాఫిక్ జామ్ వల్లో ఆలస్యమైతే ఆ పని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి చేయించండి.

ఒకే బిల్లు మీద రెండు ట్రిప్పులు కొట్టమనేవాళ్లు ఉంటారు. పట్టుబడితే సరుకు మీద పన్నుకి రెండింతల పెనాల్టీ పడుతుంది. అది వ్యాపారి కడతాడు. కట్టేదాకా మీ బండి ఆగిపోతుంది, మీరు ఆ బండిలోనే పడుకుంటారు, మీ బత్తా గురించి ఎవరూ మాట్లాడరు.

3. బరువు

ఇక్కడ కాసేపు ఆగాలి. డ్రైవర్‌కి, ఓనర్‌కి మధ్య గొడవ ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

మీ బండి పాసింగ్, అంటే ఆర్‌సీ ప్రకారం సరుకుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు, ఎంతో మీకు నోటికి రావాలి. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ (ఇరుసు) బరువుల పరిమితి పెంచింది. నాలుగు టైర్లున్న ఒంటి యాక్సిల్‌కి అంతకుముందు 10.2 టన్నులుంటే 11.5 టన్నులైంది. అయితే పాత బండి ఆర్‌సీలో పాత అంకే ఉంటే మీకు చెల్లేది ఆ పాత అంకే. "ఇప్పుడు పెంచారు కదా" అంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) ఒప్పుకోడు.

ఓవర్‌లోడుకి జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000. ఉదాహరణకి 19 టన్నుల పాసింగ్ ఉన్న బండి కాటాలో 23 తూగిందనుకోండి. 20,000, దానికి నాలుగు టన్నులకి 8,000 కలిపి 28,000. ఎక్కువైన సరుకు దించే ఖర్చు అదనం. దించేదాకా బండిని కదలనివ్వరు. బండి ఆపకుండా పోయినా, తూకానికి ఒప్పుకోకపోయినా 40,000. అధికారి కాటాకి తీసుకెళ్లమంటే ఎంత దూరమైనా వెళ్లాలా అని అడుగుతుంటారు. ముందుకు వెళ్లే దారికి 10 కిలోమీటర్ల లోపు, లేదా చేరాల్సిన చోటుకి 20 కిలోమీటర్ల లోపు కాటా ఉంటే తీసుకెళ్లాలని సెక్షన్ 114 చెబుతుంది.

డబ్బు ఓనర్ కట్టినా లైసెన్స్ మాత్రం మీది. సరుకు బండిలో ఓవర్‌లోడు, సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం, అతివేగం, సిగ్నల్ దాటడం, తాగి నడపడం, ఫోన్ మాట్లాడుతూ నడపడం, ఈ తప్పులకి కనీసం మూడు నెలలు లైసెన్స్ సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకి చెప్పింది. మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే పిల్లల ఫీజు ఎవరు కడతారో ఓనర్‌ని అడగండి.

డ్రైవర్లకి పనికొచ్చే ఒక నిబంధన ఇదే చట్టంలో ఉంది. సెక్షన్ 113 ప్రకారం ఓవర్‌లోడు బండి నడిపినవాడు ఓనర్ కాకపోతే, అది ఓనర్‌కి తెలిసే, ఆయన చెబితేనే జరిగిందని కోర్టు భావించవచ్చు. దీనివల్ల మీ తప్పు మాసిపోదు, కానీ ఓనర్ తప్పించుకోవడం కష్టమవుతుంది. కాబట్టి ఖాళీ కాటా, లోడు కాటా చిట్టీలు రెండూ ఫొటో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి. కింద ఇలా రాయండి: "సార్, పాసింగ్ 19 టన్నులు. కాటాలో 22 వచ్చింది. మూడు టన్నులు దించితే బయల్దేరతాను." మర్యాదగా, అంకెలతో, రాతలో. గొంతు పెంచాల్సిన పని లేదు. ఆ మెసేజ్ డిలీట్ చేయకండి.

మొత్తం బరువు సరిపోయినా ఒక యాక్సిల్ మీదే పడితే అదీ ప్రమాదమే. బరువంతా వెనక్కి వేస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. హమాలీలు తలుపు దగ్గర సులువని వెనకవైపే గుట్టగా పేరుస్తారు. పక్కనే నిలబడి సర్దించండి. కమాన్ పట్టీలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) వంపు పోయి చదునుగా కనబడితే కాటాకి పోకముందే సంగతి అర్థమైపోతుంది.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఎక్కువ బరువు అసలు రూపం చూపిస్తుంది. పలమనేరు దగ్గర మొగిలి ఘాట్, అరకు దారిలో అనంతగిరి ఘాట్, శ్రీశైలం వెళ్లే నల్లమల మలుపులు, మారేడుమిల్లి, ఇవన్నీ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. దిగుడంతా బ్రేకు తొక్కుతూ వస్తే లైనర్లు కాలి పట్టు వదిలేస్తాయి. ఎక్కిన గేరులోనే దిగాలి, ఎగ్జాస్ట్ బ్రేకు వాడాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు ఇంకా ఉంది. ఆ మిగిలే లీటరు కోసం ఎదురుగా వచ్చే బస్సులోని మనుషుల్ని పణంగా పెడుతున్నట్టు.

4. కట్టడం, కప్పడం, ఒకసారి చుట్టూ తిరగడం

2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర లోడు టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్నాయి. 19 మంది చనిపోయారు. టిప్పర్‌లోని కంకర బస్సులో కూర్చున్నవాళ్ల మీద పడింది. ఢీకొన్న తర్వాత మన సరుకు ఎటు పోతుంది అన్న ప్రశ్న లోడు ఎక్కించేటప్పుడే వేసుకోవాలని ఆ రోజు గట్టిగా చెప్పింది.

కంకర, ఇసుక, బూడిద బాడీ అంచు దాటకుండా పోయించి, పట్టా కప్పి, తాడు బిగించాలి. వెనక బైకు మీద వచ్చేవాడి కంట్లో ఒక్క ఇసుక రేణువు పడినా చాలు, వాడు పడిపోతాడు. గ్రానైట్ బ్లాకుకి గొలుసులు, కింద చెక్క దిమ్మలు, రెండువైపులా ఆపులు. ఇనుప రాడ్లు బాడీ దాటి బయటికి రాకూడదు. ఎర్ర గుడ్డ కట్టినంత మాత్రాన సరిపోదు, రాత్రి ఆ గుడ్డ ఎవరికీ కనబడదు. సరుకు పక్కలకో, ముందుకో వెనక్కో, ఎత్తుకో హద్దు దాటితే దానికీ 20,000 జరిమానా ఉంది. వరిగడ్డి బండ్లు ఎక్కువగా ఇందులోనే దొరుకుతాయి. భీమవరం, ఆకివీడు నుంచి హౌరా వెళ్లే చేపల బండ్లవాళ్లు ఐసు నీళ్లు రోడ్డంతా కారకుండా చూసుకోవాలి. ఆ జిగురు నీళ్ల మీద మలుపులో బైకు జారితే కారణం ఎవరో ఎప్పటికీ తెలియదు. తెలియకపోయినా బాధ్యత పోదు.

తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరగండి. టైర్లు రాడ్డుతో కొట్టి శబ్దం వినండి, జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూడండి. ఎయిర్ గేజ్ నిండేదాకా ఆగి, ఇంజిన్ ఆపి, ముల్లు దిగుతుందేమో గమనించండి. దిగితే ఎక్కడో లీకుంది. వెనక లైట్లు, ఇండికేటర్లు, ముందు తెల్లని, వెనక ఎర్రని, పక్కల పసుపు రేడియం టేపులు తడి గుడ్డతో తుడవండి. దుమ్ము పట్టిన రేడియం ఉన్నా లేనట్టే.

5. లోపల ఏముందో తెలుసుకోవడం

"నాకేం తెలుసు, సీలేసి ఇచ్చారు" అనే సమాధానం అన్నిసార్లూ నిలబడదు. విశాఖ ఏజెన్సీ వైపు నుంచి గంజాయి, శేషాచలం వైపు నుంచి ఎర్రచందనం, ఊళ్ల నుంచి రేషన్ బియ్యం తరలేది సరుకు బండ్లలోనే. గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు, ఇరవై ఏళ్ల వరకు పడవచ్చు. పైగా మత్తుమందుల చట్టంలో నిందితుడికి తెలిసే చేశాడని కోర్టు ముందుగా అనుకుంటుంది, తెలియదని రుజువు చేసుకోవాల్సింది మీరే.

కొన్ని గుర్తులు చూసి వెనక్కి తగ్గాలి. కిరాయి మామూలు రేటుకి రెండింతలు ఇస్తామన్నా, ఇన్‌వాయిస్‌లో సరుకు ఒకటి కనబడేది ఇంకోటి అయినా, టోల్ గేటు తప్పించి ఊళ్లోంచి పొమ్మన్నా, ముందు ఒక కారు దారి చూపిస్తుందన్నా ఆ లోడు ఎక్కించుకోకండి. దారిలో ధాబా దగ్గర ఎవరో "ఈ అట్టపెట్టె నెల్లూరులో మా తమ్ముడికి ఇవ్వన్నా" అంటే బిల్టీ లేకుండా తీసుకోకండి. సాయం చేసే మనసు మంచిదే, పెట్టెలో ఏముందో మీకు తెలియదు.

పశువులు ఎక్కిస్తే ఆవుకి, గేదెకి ఒక్కొక్కదానికి 2 చదరపు మీటర్ల చోటు, మధ్యలో అడ్డు ఉండాలి. ఆ బండిలో ఇంకే సరుకూ వేయకూడదు. నోరులేని జీవాల్ని కుక్కి తీసుకెళ్లడం చట్టం సంగతి అటుంచి చూసినా తప్పు.

మనుషుల్ని ఎక్కించడం మరీ తప్పు. మిరప కోతలకి కూలీలు, పెళ్లికి చుట్టాలు, జాతరకి ఊరంతా డీసీఎంలో ఎక్కుతారు. మోటారు వాహనాల చట్టంలో సరుకు అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే బతికున్న మనుషులు రారని రాసుంది. ఊరికే ఎక్కినవాళ్లకి ఇన్సూరెన్స్ కంపెనీ పరిహారం కట్టక్కర్లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. బండి బోల్తా పడితే కాలు విరిగిన కూలీ కుటుంబం దిక్కులేనిదైపోతుంది. ఊరివాళ్లు నొచ్చుకుంటారని ఎక్కించుకునే డ్రైవర్లు ఈ మాట వాళ్లకే వివరంగా చెప్పాలి.

6. రోడ్డు మీద

నిద్ర గురించి ముందు. రోజుకి 8 గంటల పని, వరసగా 5 గంటలు చేశాక కనీసం అరగంట విరామం, ఒక డ్యూటీ ముగిశాక మళ్లీ ఎక్కడానికి మధ్య 9 గంటల విశ్రాంతి అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం లెక్క పెట్టింది. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లో ఆ చట్టం కలిసిపోయినా రోజుకి 8 గంటల లెక్క అలాగే ఉంది. రోడ్డు మీద ఇది ఎంతమందికి దక్కుతుందో అందరికీ తెలుసు. కిరాయి ఒప్పుకునేటప్పుడే ఎన్ని గంటల్లో చేరాలంటున్నారో అడిగి, మధ్యలో నిద్ర కలిపి లెక్కేసి, కుదరకపోతే అప్పుడే చెప్పాలి.

తెల్లవారుజామున మూడింటి నుంచి ఐదింటి మధ్య ఒళ్లు తనంతట తనే నిద్రలోకి జారుతుంది. ఆ రెండు గంటలూ బండి ఆపడం మీ ప్రయాణంలో భాగంగా పెట్టుకోండి. ఆవలింతలు ఆగకపోయినా, గత రెండు కిలోమీటర్లలో ఏం దాటామో గుర్తు రాకపోయినా, బండి గీత మీదికి వెళ్లి ఉలిక్కిపడ్డా ఇక నడపకూడదు. టీ, గుట్కా, మొహం మీద నీళ్లు పది నిమిషాలు పనిచేస్తాయి. నిద్ర రాకుండా మాత్రలు మింగడం ఇంకా ప్రమాదం, వాటి పట్టు వదిలినప్పుడు నిద్ర ఒక్కసారిగా కమ్మేస్తుంది. ఒంట్లో బాగాలేక, నడపలేని స్థితిలో ఉండి నడపడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 186 కింద నేరం కూడా.

తాగి నడపడం గురించి పొడవుగా చెప్పక్కర్లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారి 10,000 లేదా ఆరు నెలల జైలు, రెండోసారి 15,000 లేదా రెండేళ్లు. ధాబాలో రాత్రి తాగి, నాలుగు గంటలు పడుకుని లేస్తే దిగిపోయిందనుకోవడం పొరపాటు.

కేంద్రం 2018లో పెట్టిన హద్దు ప్రకారం సరుకు వాహనాలకి నాలుగు వరసల రోడ్డు మీద గంటకి 80, ఊళ్లలోనూ మిగతా రోడ్ల మీదా 60. స్థానికంగా తక్కువ బోర్డు ఉంటే ఆ బోర్డే లెక్క. ట్యాంకర్లు, డంపర్లకి స్పీడ్ గవర్నర్ (వేగం హద్దు దాటకుండా ఆపే పరికరం) 60కే. గవర్నర్ వైరు పీకేయించడం మెకానిక్‌కి రెండు నిమిషాల పని, మీరు మాత్రం ఆ పని చేయించకండి. ఫోన్ చేత్తో పట్టుకుని నడపడం ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది, దారి చూసుకోవడానికి స్టాండులో పెట్టుకోవచ్చు. ఎడమ లేన్‌లో పోండి. అంబులెన్స్‌కి దారి ఇవ్వకపోతే 10,000 జరిమానా. ఎడమకి తిరిగేముందు ఎడమ అద్దం రెండుసార్లు చూడండి, స్కూటీ మీద వెళ్లేవాళ్లు ఎక్కువగా చనిపోయేది ఆ మూలలోనే.

కుడి ఇండికేటర్ వేసి వెనకవాడికి "దాటి వెళ్లు" అని చెప్పే అలవాటు కూడా మానాలి. కొందరికి అది "నేను కుడికి తిరుగుతున్నా" అని, కొందరికి "నువ్వు రా" అని అర్థమవుతుంది. ఇండికేటర్ మీరు తిరగడానికే వాడండి.

7. బండి ఆగిపోతే

రాత్రిపూట ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు గుద్దడం మన హైవేల మీద తరచూ జరిగే ఘోరం. టీ కోసం రోడ్డు అంచున సగం బండి ఆపడం కూడా ఇందులోకే వస్తుంది. బండి ఆపేందుకు లేబై (రోడ్డు పక్కన బండ్లు ఆపే చోటు) ఉంటుంది, బంకు ఉంటుంది, ధాబా ఆవరణ ఉంటుంది.

బండి చెడిపోతే వీలైనంత ఎడమకి లాగి, నాలుగు ఇండికేటర్లూ వేయండి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి అడ్డం పెట్టండి. ఎర్ర హెచ్చరిక ట్రయాంగిల్ బండి వెనక ఎంత దూరంలో పెట్టాలి? గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకి 22 మీటర్లు వస్తుంది. ట్రయాంగిల్ 20 మీటర్ల దూరంలో పెడితే దాన్ని చూసిన డ్రైవర్‌కి మిగిలేది ఒక్క సెకను. అందుకని హైవే మీద నూరు అంగలు నడిచి పెట్టండి, మలుపుంటే మలుపుకి అవతల పెట్టండి. టార్చి వేసుకుని రోడ్డు అంచున నడవండి, రోడ్డుకి వీపు పెట్టకండి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండి, క్రేను వస్తాయి.

ట్రయాంగిల్ లేక చెట్టు కొమ్మలు, బండరాళ్లు పెట్టేవాళ్లున్నారు. రిపేరు అయ్యాక అవి రోడ్డు మీదే వదిలేసి పోతారు. తర్వాత గంటకి ఒక బైకు వాటిని ఎక్కి పడుతుంది. రోడ్డు మీద అడ్డం పెట్టి ప్రమాదం తేవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 285 కింద నేరం. ట్రయాంగిళ్లు రెండు కొని పెట్టుకుంటే ఆ అవసరమే రాదు.

ట్యాంకర్‌వాళ్లకి విడిగా ఒక మాట. పెట్రోలు, గ్యాసు, యాసిడ్ లాంటివి నడపాలంటే ప్రత్యేక శిక్షణ తీసుకుని లైసెన్స్ మీద ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. సరుకు ఏంటో, లీకైతే ఏం చేయాలో రాసిన ట్రెమ్ కార్డు క్యాబిన్‌లో ఉండాలి. మీరు చదవగలిగే భాషలో ఉండాలని పట్టుబట్టండి. బండి మీద అత్యవసర సమాచార ప్యానెల్ కనబడేలా ఉండాలి. లీకు కనబడితే ఇంజిన్ ఆపి, గాలి ఎటు నుంచి వస్తుందో అటువైపు జరిగి, జనాన్ని దూరంగా పంపి, 112కి చెప్పండి. ఫొటోలు తీసేవాళ్లని, సీసాల్లో పట్టుకునేవాళ్లని దగ్గరికి రానివ్వకండి.

8. ప్రమాదం జరిగితే

2024 జనవరి మొదట్లో డ్రైవర్లు సమ్మెకి దిగితే హైదరాబాద్ పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరిన సంగతి గుర్తుండే ఉంటుంది. కొత్త చట్టంలో, ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలు అన్న నిబంధన మీద గొడవ అది. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చినప్పుడు ఆ నిబంధనను, అంటే 106(2)ను, పక్కన పెట్టారు. 106(1) మాత్రం అమల్లో ఉంది. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం పోతే ఐదేళ్ల వరకు జైలు. పాత ఐపీసీలో అది రెండేళ్లుండేది. ఇది బెయిల్ వచ్చే నేరమే. "దొరికితే బయటికి రాలేం" అన్న భయంతో పారిపోయేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

చేయాల్సినవి ఈ వరసలో. బండి ఆపి, ఇంజిన్ ఆపి, ఇండికేటర్లు వేయండి. 108కి ఫోన్ చేయండి, ఎక్కడున్నారో కిలోమీటరు రాయి చూసి చెప్పండి. 112కి కూడా చెప్పండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదమండి. మెడకి, వెన్నుకి దెబ్బ తగిలినట్టుంటే, మంట లాంటి ప్రమాదం ఉంటే తప్ప లాగకండి. అంబులెన్స్ ఆలస్యమయ్యేలా ఉంటే దగ్గర్లో ఉన్న బండి ఆపించి ఆస్పత్రికి పంపించండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 కింద గాయపడినవాళ్లకి వైద్యం అందేలా చూడటం డ్రైవర్ విధి.

జనం మీద పడతారన్న భయం నిజమైనదే. చట్టం కూడా దాన్ని ఒప్పుకుంది. మూక కోపం వల్ల అక్కడ ఉండటం సాధ్యం కాకపోతే అనే మినహాయింపు అదే సెక్షన్‌లో ఉంది. అలాంటప్పుడు అక్కడి నుంచి కదలండి, కానీ నేరుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కే వెళ్లండి. దారిలోంచే 112కి ఫోన్ చేసి పేరు, బండి నంబరు, ప్రమాదం జరిగిన చోటు చెప్పండి. ఆ కాల్ రికార్డు మీరు పారిపోలేదనడానికి సాక్ష్యం. ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పి తీరాలి. అక్కడి నుంచి ఊరికి వెళ్లి ఫోన్ ఆఫ్ చేసుకుంటే ఆ మినహాయింపు మీకు పనికిరాదు. పైగా సెక్షన్ 187 కింద విడిగా ఇంకో కేసు.

బాధితుల బంధువులకి ఒక సమాచారం ఇవ్వగలిగితే ఇవ్వండి. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం ఉంది. సాయం చేసిన దారినపోయేవాళ్లని కేసులతో వేధించకూడదని సెక్షన్ 134ఎ చెబుతుంది. ఈ మాట చెబితే చూస్తూ నిలబడ్డవాళ్లలో ఒకరైనా చేయి వేస్తారు.

ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపడం కూడా డ్రైవర్ బాధ్యతల్లోనే ఉంది. పాలసీ నంబరు, తేదీ, సమయం, చోటు, గాయపడినవాళ్ల వివరాలు, మీ లైసెన్స్ వివరాలు. సాధారణంగా ఓనర్ పంపిస్తారు, పంపారో లేదో కనుక్కోండి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. నడిపినవాడికి లైసెన్స్ లేదనో, ఓనర్ కొడుకు నడిపాడనో "నువ్వు నడిపానని లొంగిపో, ఇంటికి డబ్బు పంపిస్తా" అనే బేరాలు జరుగుతుంటాయి. ఒప్పుకోవద్దు. అది పోలీసులకీ కోర్టుకీ అబద్ధం చెప్పడం, అదీ నేరమే. సీసీ కెమెరాలు, జీపీఎస్, ఫోన్ టవర్లు అన్నీ ఆ అబద్ధాన్ని బయటపెడతాయి. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లకి నిజం తెలుసుకునే హక్కు కూడా ఉంది.

9. తనిఖీలు, కేసులు

యూనిఫాం వేసుకున్న అధికారి ఆపమంటే ఆపండి. కాగితాలు అడిగితే చూపించండి. లైసెన్స్ తీసుకుంటే దానికి రసీదు ఇవ్వాలి, అడగడం మీ హక్కు. ఆ రసీదు మీద రాసినన్ని రోజులు బండి నడపవచ్చు. చలానా రాయమనండి, రసీదు లేని డబ్బు ఇవ్వకండి. మామూలు ఇచ్చే బండి ఎక్కువగా ఏదో ఒక లోపం ఉన్న బండే. పాసింగ్ ప్రకారం లోడు, కాగితాలు సరిగా ఉంటే బేరమాడాల్సిన పరిస్థితి చాలావరకు రాదు. అయినా వేధిస్తే సమయం, చోటు, ఛాతీ మీద పేరు పట్టీ చూసి రాసుకుని, ఓనర్ ద్వారానో యూనియన్ ద్వారానో ఫిర్యాదు చేయించండి. రోడ్డు మీద గొడవ పెట్టుకోకండి.

కేసు పడితే ఎఫ్ఐఆర్ నకలు తీసుకోండి. తెలియని భాషలో ఉన్న కాగితం మీద చదివించుకోకుండా సంతకం పెట్టకండి. తమిళనాడులోనో ఒడిశాలోనో ఇరుక్కుంటే ఇది మరీ ముఖ్యం. కాటా చిట్టీ, ఓనర్‌కి పంపిన మెసేజ్, టోల్ రసీదులు, ప్రమాద స్థలం ఫొటోలు వేరే ఫోన్‌లోకి కూడా పంపి ఉంచండి, మీ ఫోన్ స్టేషన్‌లో ఉండిపోవచ్చు. ఓనర్ లాయర్‌ని పెడతానన్నా, ఆయన ఓనర్ కోసం మాట్లాడతాడో మీ కోసం మాట్లాడతాడో అడిగి తెలుసుకోండి. బరువు ఎవరు వేయించారన్న దగ్గర మీ ఇద్దరి దారులూ వేరు కావచ్చు. కస్టడీలో ఉన్నవాళ్లకి ఉచితంగా లాయర్‌ని ఇచ్చే ఏర్పాటు ప్రతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉంది. ఆ ఫోన్ నంబరు 15100, దేశంలో ఎక్కడి నుంచైనా చేయొచ్చు. ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కూడా దాన్ని సేవ్ చేయించండి, ఆ సమయానికి ఫోన్ చేయగలిగేది వాళ్లే కావచ్చు.